పెద వాల్తేరులో 1986 నాటి డాబా ఇల్లు కొన్నాం, ముందు ఏ పని పట్టుకోవాలి?

వాల్తేరు ఇల్లాలు:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదవండి.

కూర్మన్నపాలెంలో మా ఫ్లాటు అమ్మి, దానికి మామయ్యగారి రిటైర్మెంట్ డబ్బు, బ్యాంకు లోను కలిపి పెద వాల్తేరులో ఒక పాత ఇల్లు కొన్నాం. రిజిస్ట్రేషన్ అయింది, తాళాలు చేతికొచ్చాయి. 150 గజాల స్థలం, అందులో 900 చదరపు అడుగుల డాబా, వెనక పెరడు, పెరట్లో నుయ్యి. పై అంతస్తు లేదు. మెట్లగది మీద సిమెంటు రేకులు. లింకు డాక్యుమెంట్లతో పాటు ఇచ్చిన పాత ప్లానులో 1986 అని ఉంది. బీచ్ రోడ్డు పెద్ద దూరం కాదు. సాయంత్రం వరండాలో కూర్చుంటే సముద్రపు గాలి నేరుగా తగులుతుంది. ఆ గాలి చూసే మామయ్యగారు ఈ ఇల్లే కావాలని పట్టుబట్టారు.

నాకు ఈ ఇంట్లో బాగా నచ్చినవి ముందు చెబుతాను. హాల్లోనూ ముందు గదిలోనూ మొజాయిక్ గచ్చు ఉంది. బూడిదరంగు మీద ఆకుపచ్చ, నలుపు చిప్స్, గోడ వారగా జానెడు వెడల్పున ఎర్ర అంచు. మాసిపోయింది గానీ ఎక్కడా పగుళ్ళు లేవు. వీధి తలుపు టేకుది, రెండు రెక్కలు, ఇత్తడి గడియ. కిటికీలన్నిటికీ చెక్క రెక్కలే, బయట ఇనుప గ్రిల్స్. ఇవన్నీ పీకి పారేసి కొత్తవి పెట్టించడానికి నాకు మనసొప్పడం లేదు.

భయపెడుతున్నది శ్లాబు. ఇల్లు చూడ్డానికి వెళ్ళినప్పుడు తెల్లగా సున్నం కొట్టి ఉంది కాబట్టి ఏమీ తెలియలేదు. తాళాలు తీసుకున్నాక వంటింటి పక్క గదిలో ఫ్యాను హుక్కు దగ్గర రంగు ఉబ్బినట్టు కనిపిస్తే స్టూలెక్కి వేలితో నొక్కాను. అరచేతంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని వెనక ఊచ కనబడింది. ఎర్రగా ఉంది, గోరుతో గీకితే ఉల్లిపాయ పొట్టులా పొరలు పొరలుగా ఊడుతోంది. ఆ గది పిల్లలకు అనుకున్నాం. అప్పటినుంచి నాకు ఒకటే టెన్షన్.

అదే గదిలో, వెనక గోడకు కింద మూడడుగుల ఎత్తు దాకా చెమ్మ. తెల్లగా ఉప్పు పొంగి, ప్లాస్టరింగ్ పొడిపొడిగా రాలుతోంది.

తెలిసినవాళ్ళ ద్వారా ఒక కాంట్రాక్టర్ వచ్చి చూశాడు. మొజాయిక్ మీదే టైల్స్ పరిచేద్దాం, హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి ఓపెన్ కిచెన్ చేద్దాం, చెక్క కిటికీలు తీసి యూపీవీసీవి (గట్టి ప్లాస్టిక్‌వి) పెడదాం అన్నాడు. శ్లాబు సంగతి అడిగితే "ప్యాచ్ కొట్టి కింద ఫాల్స్ సీలింగ్ వేసేస్తే ఇక కనబడదమ్మా" అన్నాడు. కనబడకపోవడం కాదు కదా నాకు కావలసింది! ఆ మధ్య గోడని తలుపు దగ్గర టేపు పెట్టి కొలిచాను, ప్లాస్టరింగ్‌తో కలిపి పదంగుళాలు దాటింది. ఇంట్లో ఎక్కడా పిల్లర్లు కనిపించలేదు.

ఇక ఇంట్లోవాళ్ళ కోరికలు. అత్తయ్యగారికి ఈశాన్యంలో ఉన్న బాత్రూమ్ అక్కడినుంచి తీసేయాలి. మామయ్యగారికి మోకాళ్ళ నొప్పులు, ఆయన గదికి ఆనుకుని వెస్టర్న్ కమోడ్‌తో బాత్రూమ్ కావాలి. మావారికి రెండు ఏసీలు. నాకు నిలబడి హాయిగా పనిచేసుకునే వంటగట్టు, వెలుతురు. ఇప్పుడు మాఘం నడుస్తోంది, ఆషాఢం దాటాక శ్రావణంలో గృహప్రవేశం చేద్దామని పెద్దవాళ్ళు అంటున్నారు. చేతిలో ఉన్నది 14 లక్షలు. అంతకుమించి అప్పు చేయలేం.

ఏ పని ముందు, ఏది తర్వాత? ఏది అసలు ముట్టుకోకూడదు? పాత ఇల్లు బాగుచేయించుకున్నవాళ్ళు, ఈ పని తెలిసినవాళ్ళు దయచేసి చెప్పండి.


సివిల్ మాస్టారు:

అమ్మా, నేను సివిల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మీ పోస్టు రెండుసార్లు చదివాను. మీ డబ్బులో మొదటి రూపాయి శ్లాబు మీదే పడాలి. అది తేలేదాకా టైల్స్, కిచెన్, రంగుల మాట ఎత్తకండి. ఆ ఫాల్స్ సీలింగ్ సలహా మాత్రం పూర్తిగా వదిలేయండి. రాలబోయే పెచ్చును అది ఆపదు, మీ కంటికి కనబడకుండా చేస్తుంది, అంతే.

ఎందుకు ఇలా అయిందో చెబుతాను, అప్పుడు ఎవరు ఏ మందు రాసినా మీరే తూచుకోగలరు. కాంక్రీటుకు క్షారగుణం ఎక్కువ, పీహెచ్ 12 పైన ఉంటుంది. ఆ క్షారంలో ఉన్నంతకాలం ఊచకు తుప్పు పట్టదు. ఏళ్ళు గడిచేకొద్దీ గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి దిగి ఆ గుణాన్ని తగ్గిస్తూ వస్తుంది. మన విశాఖలో దానికి సముద్రపు గాలి మోసుకొచ్చే ఉప్పు తోడు. ఈ రెండింటిలో ఏది ఊచ దాకా చేరినా, కాస్త తడి దొరికితే తుప్పు మొదలవుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు నుంచి ఆరు రెట్లు చోటు తీసుకుంటుంది. లోపల చోటు లేక కింది కాంక్రీటును తోసేస్తుంది. మీ చేతిలోకి వచ్చిన పెచ్చు అదే.

మీ ఇంటి కాలంలో శ్లాబు ఊచల కింద 15 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు మందం, ఉంటే చాలనేవారు. 2000లో సవరించిన ఐ.ఎస్. 456 (కాంక్రీటు పనుల జాతీయ కోడ్) తీరప్రాంతంలో ఉప్పుగాలి నేరుగా తగలని చోటికే 30, నేరుగా తగిలే చోటికి 45 మిల్లీమీటర్లు అడుగుతుంది. అంటే మీ శ్లాబును అప్పట్లో సరిగ్గానే వేసి ఉన్నా, నేటి లెక్కకు దాని చర్మం పలచన. సజ్జలు, పిట్టగోడ, వరండా అంచులు ఇంకా ముందే దెబ్బతింటాయి, వాటినీ చూడండి.

మొదటి పరీక్షకు ఖర్చు లేదు. నిచ్చెన వేసి చిన్న సుత్తితో శ్లాబు అడుగంతా జానెడు జానెడుకు తట్టుకుంటూ పోండి. గట్టి కాంక్రీటు ఖణేల్‌మంటుంది, లోపల విడిపోయింది బోలుగా పలుకుతుంది. బోలు పలికినచోటల్లా సుద్దముక్కతో గీత గీయండి. తట్టేటప్పుడు కళ్ళద్దాలు, తలకు హెల్మెట్ పెట్టుకోండి, పిల్లల్ని ఆ గదిలోకి రానివ్వకండి. ఆ తర్వాత స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిచి రీబౌండ్ హామర్ టెస్టు (కాంక్రీటు గట్టిదనం చూసేది), ఫినాఫ్తలీన్ టెస్టు చేయించండి. రెండోది తేలిక. అప్పుడే చెక్కిన కాంక్రీటు మీద ఆ ద్రావణం చల్లితే క్షారం మిగిలిన భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది, పోయిన భాగం రంగు మారదు. గులాబీ ఎంత లోతులో మొదలవుతోందో చూస్తే ఊచలకు రక్షణ ఉందో లేదో తెలుస్తుంది. మీకు దగ్గర్లోనే ఆంధ్ర విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ కాలేజీ ఉంది, సివిల్ విభాగంలో అడిగి చూడండి.

రిపేరు ఎలా ఉండాలంటే, ముందు కింద సర్వి బొంగులో ఇనుప జాకీలో పెట్టి శ్లాబుకు ఊతమివ్వాలి. బోలు పలికిన కాంక్రీటంతా చెక్కేయాలి, ఊచ వెనక వేలు దూరేంత సందు వచ్చేదాకా. ఊచ పైభాగం వదిలేసి కింద మాత్రం గీకితే లోపలినుంచి మళ్ళీ పుడుతుంది. వైరు బ్రష్షుతో ఇనుము మెరిసేదాకా రుద్దాలి. ఊచ మందంలో ఎనిమిదో వంతు తినేసి ఉంటే పక్కన కొత్త ఊచ, రెండు వైపులా గట్టి ఇనుము దాకా ల్యాపింగ్ (పాత ఊచ పక్కన కలిపి కట్టే పొడవు) ఇచ్చి కట్టాలి. తర్వాత తుప్పు నిరోధక పూత, బాండింగ్ కోటు, పాలిమర్ కలిపిన మోర్టారు పొరలు పొరలుగా. మామూలు సిమెంటు ఇసుక పూసి చేతులు కడుక్కునే మేస్త్రీని ఈ పనికి పెట్టకండి. ఏ కాస్త కాంక్రీటు కలిపినా మున్సిపల్ నీళ్ళే వాడండి. మీ నూతి నీళ్ళు ఉప్పగా ఉంటే అవి పనికిరావు, ఊచలున్న కాంక్రీటుకు లీటరు నీళ్ళలో 500 మిల్లీగ్రాముల క్లోరైడు మించకూడదు.

డాబా పైన కారుతోందని ఇంకో అంగుళం మోర్టారు వేద్దామంటారు. వద్దు. 900 చదరపు అడుగుల మీద ఒక అంగుళం అంటే నాలుగు టన్నుల పైన బరువు. ఉన్న పాత పొర బోలుగా ఉంటే అది తీసేసి, తూముల వైపు వాటం సరిచేసి, పలచని వాటర్ ప్రూఫింగ్ పూత వేయించండి.

ఆ మధ్య గోడ. మీరు కొలిచి చూడటం చాలా మంచి పని చేశారు. పిల్లర్లు లేవంటే ఆ తొమ్మిదంగుళాల గోడలే శ్లాబును మోస్తున్నాయి. హాలు గోడ తీస్తే శ్లాబు సగం చోట ఆధారం పోతుంది. కంపల్సరీ కావాలంటే పైన ఇనుప బీము ఇచ్చి, లెక్కలు వేసి చేసే పద్ధతి ఉంది గానీ, ఇప్పటికే తుప్పు పట్టిన శ్లాబు కింద ఆ సాహసం నేనైతే చేయించను. వెలుతురు కోసమైతే వంటింటి బయటి గోడ కిటికీని లింటెల్ (కిటికీ మీది కాంక్రీటు దూలం) ముట్టకుండా, కిందివైపు పెంచుకోండి.


వాల్తేరు ఇల్లాలు:

మాస్టారూ, చాలా థాంక్సండీ. మీరు చెప్పినట్టే మావారు సుత్తితో తట్టుకుంటూ పోయారు, నేను కింద నిలబడి కాగితం మీద గదులు గీసి గుర్తులు పెట్టాను. హాలు, ముందు గది, మామయ్యగారి గది గట్టిగానే పలికాయి. వంటిల్లు చాలావరకు బాగుంది. బోలు మొత్తం ఆ పిల్లల గదిలోనే, ఈశాన్యం బాత్రూమ్ వైపు మూలన సుమారు మంచమంత మేర. వీధి వైపు రెండు సజ్జలు కూడా పోయాయి.

డాబా ఎక్కి చూస్తే సరిగ్గా ఆ మూల పైనే నల్లటి 1000 లీటర్ల ట్యాంకు ఉంది. ట్యాంకు కింద ఇటుకలు పచ్చగా నాచు పట్టి ఉన్నాయి. పొంగిన నీళ్ళు పోవడానికి పైపు లేదు, శ్లాబు మీదకే పోతున్నాయి.


సివిల్ మాస్టారు:

అయితే సగం జవాబు దొరికిందమ్మా. ఏళ్ళ తరబడి ఆ మూల తడి ఆరలేదు. పైన ట్యాంకు పొంగు, పక్కన బాత్రూమ్ తడి, రెండూ అక్కడే కలిశాయి. మిగతా శ్లాబు గట్టిగా పలికింది కాబట్టి ఇల్లు పడగొట్టే మాట నేను అనను. నిండిన ట్యాంకు ఒక టన్ను పైమాటే. ఇవాళే ఖాళీ చేసి, తర్వాత రెండు గోడలు కలిసే మూల నెత్తిన దిమ్మెలు కట్టి వాటి మీద పెట్టించండి. ఓవర్‌ఫ్లో పైపు తూము దాకా వెళ్ళాలి. పరీక్షలు మాత్రం మానకండి, చెవికి అందనివి కొన్ని ఉంటాయి.

డాబా మీది పని మే నెలాఖరుకు ముగించాలి. జూన్‌లో వానలు మొదలైతే మళ్ళీ ఆరడం కష్టం, అక్టోబరు వచ్చిందంటే తుపాన్లు.


కంచరపాలెం కరెంటు పని:

మేడమ్ గారూ, నేను ఎలక్ట్రీషియన్‌ని, పాతిళ్ళ వైరింగే ఎక్కువ చేస్తాను. మీరు కరెంటు మాటే ఎత్తలేదు, అందుకే రాస్తున్నాను.

1986 అంటే చాలా ఇళ్ళలో చెక్క బోర్డులు, కిట్‌క్యాట్ ఫ్యూజులు ఉంటాయి. కొన్నిట్లో అల్యూమినియం వైరు. అప్పట్లో నాలుగు లైట్లు, మూడు ఫ్యాన్లు, ఒక ఫ్రిజ్ లెక్కలో వేసినవి. రెండు ఏసీలు, గీజరు, ఇండక్షన్ స్టవ్ కలిస్తే ఆరేడు కిలోవాట్లు ఒక్కసారే లాగుతాయి. ఆ వైరు మీద పెడితే గోడలోనే కాలుతుంది. మీ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడు (మీ ఇంటికి మంజూరైన కరెంటు) ఎంతుందో చూడండి. పాతిళ్ళకు ఒకటో రెండో కిలోవాట్లు ఉంటుంది. పేరు మార్పిడికి కరెంటు ఆఫీసుకి (ఈపీడీసీఎల్) ఎలాగూ వెళ్తారు, లోడు పెంపు దరఖాస్తు కూడా అప్పుడే ఇచ్చేయండి.

వైరింగు మొత్తం కొత్తది వేయించండి. లైట్లకు 1.5, ప్లగ్గులకు 2.5, ఏసీకి, గీజరుకి విడివిడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు. మెయిన్ బోర్డులో కరెంటు ఎక్కడైనా లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి. పెద్దాయన, పిల్లలు తడికాళ్ళతో గీజరు స్విచ్ ముట్టుకునే ఇంట్లో అది ప్రాణం కాపాడే వస్తువు. ఎర్తింగు పాతది నమ్మకండి. మన ఉప్పు నేలలో జీఐ పైపు (జింకు పూత ఇనుప పైపు) మట్టిలోనే తినేసి ఉంటుంది, పైన వైరు మాత్రం కనబడుతూ ఉంటుంది. కొత్త గుంత తీయించి, మీటరు పెట్టి కొలిపించుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెబుతున్నాను. గోడలు కోసే పని, గొట్టాలు పూడ్చే పని అంతా ప్లాస్టరింగుకు ముందే అవ్వాలి. శ్లాబు చెక్కే గదిలో ఫ్యాను లైను ముందే తీసేయించండి. మాస్టారు చెప్పిన గోడల్లో అడ్డంగా పొడవాటి గాడులు కొట్టనివ్వకండి, నిలువుగా దిగమనండి.

ఏసీ బయటి యూనిట్ సముద్రం వైపు గోడకు పెట్టొద్దు. పెరటి వైపు పెట్టి, కాయిల్ మీద తుప్పు పట్టని కోటింగ్ ఉన్న మోడల్ అడగండి. స్టాండుకు, బోల్టులకు మామూలు ఇనుము వద్దు.


అక్కయ్యపాలెం అక్క:

చెల్లెమ్మా, మీ మొజాయిక్ మాట చదివి ఆగలేక రాస్తున్నాను. దాని మీద టైల్స్ పరచనివ్వకండి! మా అమ్మావాళ్ళ ఇల్లు మేం బాగుచేయించినప్పుడు మాకూ ఇదే చెప్పారు. మేం మెషిన్ పాలిష్ చేయించాం. ముతక రాయితో మొదలుపెట్టి సన్న రాయి దాకా నీళ్ళు పోస్తూ అరగదీస్తారు, చివర ఆక్జాలిక్ పౌడరుతో మెరుగు పెడతారు. చిన్న చిన్న గుంటలు ఉంటే అదే రంగు సిమెంటు, చిప్స్ కలిపి నింపుతారు. మూడోసారి రాయి తిరిగాక నీళ్ళు తుడిస్తే కింద ఆకుపచ్చ చిప్స్ ఒక్కొక్కటీ తడి గులకరాయి రంగులో బయటపడ్డాయి. మా అమ్మ నోట మాట రాలేదు. ఇల్లంతా బురదనీళ్ళు అవుతాయి కాబట్టి రంగుల కన్నా ముందు చేయించండి, చివరి సన్న పాలిష్ మాత్రం ఆఖరున. ఇంకో లెక్క కూడా చూసుకోండి. టైల్, కింద సిమెంటు కలిపి అంగుళం పైన లేస్తుంది. మీ టేకు తలుపులన్నీ కింద కోయాలి, గడపలు కూరుకుపోతాయి.

చెమ్మ గోడకు వాటర్ ప్రూఫ్ సిమెంటు దట్టించేస్తామంటారు. దట్టిస్తే ఆ చెమ్మ మూడడుగుల దగ్గర ఆగక నాలుగడుగులకు ఎక్కుతుంది. మాకు ఉపయోగపడింది ఏంటంటే, చెమ్మ గీతకు ఇంకో అడుగు పైదాకా ప్లాస్టరింగు చెక్కేసి, ఇటుకలు బయటపెట్టి, ఉప్పు పొంగినప్పుడల్లా పొడి బ్రష్షుతో దులిపి, గోడను ఆరనివ్వడం. నీళ్ళతో కడగకూడదు, ఉప్పు మళ్ళీ లోపలికి పోతుంది. మీకు ఎండలు ముందున్నాయి, ఆ గోడ పని ఇప్పుడే మొదలుపెడితే వేసవంతా ఆరుతుంది. బయటవైపు పెరటి మట్టి గోడకు ఆనుకుని గచ్చు కంటే ఎత్తులో ఉందేమో చూడండి. మాకు అక్కడే దొరికింది జబ్బు. ఏళ్ళ తరబడి పూలమొక్కలకు పోసిన మట్టి గోడకు జానెడు ఎత్తు పేరుకుంది.

అత్తయ్యగారి ఈశాన్యం సంగతి. నమ్మకం ఎవరిది వాళ్ళది గానీ, ఈసారి ఆమె కోరికా మాస్టారి మాటా ఒకే దారిలో ఉన్నాయి. ఆ బాత్రూమ్ తీసేస్తే శ్లాబు మూల కూడా ఆరుతుంది కదా. మామయ్యగారి గది వాయవ్యం వైపు అయితే కొత్త బాత్రూమ్ అక్కడే, ఇంటి లోపలే పెట్టుకోండి. డ్రైనేజీ గొట్టం ఎటు వెళ్ళాలో తేలాకే గచ్చు పనులు. మోకాళ్ళ నొప్పులవాళ్ళకు బాత్రూమ్‌కి గడప వద్దు, నీళ్ళు బయటికి రాకుండా వాటం ఇస్తే చాలు. గరుకు టైల్, కమోడ్ పక్కన గోడకు పట్టుకునే కమ్మీ, రెండున్నర అడుగులకు తగ్గని తలుపు. ఆ కమ్మీలు స్టీలులో 304 కాకుండా 316 రకం అడగండి, సముద్రం దగ్గర 304కి కూడా తుప్పు చుక్కలు వస్తాయి.


విశాఖ సాగరం:

ఇన్ని రిపేర్లు ఎందుకండీ? పెద వాల్తేరులో 150 గజాలంటే బంగారం. డెవలపర్‌కి ఇచ్చేయండి, లేదా పడగొట్టి జీ ప్లస్ టూ కట్టుకోండి. 14 లక్షలు పాతదాని మీద పోస్తే అమ్మేటప్పుడు ఒక్క రూపాయి తిరిగి రాదు. మా ఫ్రెండ్ ఒకాయన ఇలాగే మూడేళ్ళు రిపేర్లు చేయించి చివరికి పడగొట్టాడు.


వాల్తేరు ఇల్లాలు:

అందరికీ ఒక్కచోటే రాస్తున్నాను.

సాగరం గారూ, మీరు మా మంచికే చెప్పారు. కానీ మేం ఇది అమ్మడానికి కొనలేదు. కొత్తగా కట్టాలంటే ప్లాను, సెట్‌బ్యాకులు (చుట్టూ వదలాల్సిన ఖాళీ), రెండేళ్ళ అద్దె, ఇంకో అప్పు. సెట్‌బ్యాకులు వదిలి కొత్తగా కడితే పెరడూ నుయ్యీ పోతాయి. మామయ్యగారికి 74 ఏళ్ళు. ఆయన వరండాలో కూర్చోవలసింది ఇప్పుడు. శ్లాబు మొత్తం పోయిందని ఇంజనీరు చెబితే అప్పుడు ఆలోచిస్తాం.

నిన్న రాత్రి మావారూ నేనూ కూర్చుని వరస రాసుకున్నాం. ట్యాంకు ఖాళీ చేసేశాం. చెమ్మ గోడ చెక్కడం రేపు మొదలు. అక్కా, మీరన్నట్టే పెరటి మట్టి ఆ గోడకు ఎత్తుగానే ఉంది, తవ్విస్తున్నాం. పరీక్షలయ్యాక శ్లాబు, సజ్జలు, డాబా వాటం. ఈలోగా డ్రైనేజీ గొట్టాలు, వైరింగు. ఆ తర్వాత ప్లాస్టరింగు, బాత్రూమ్, వంటగట్టు, మొజాయిక్ పాలిష్, చివర్న రంగులు. ఫాల్స్ సీలింగ్, యూపీవీసీ, ఓపెన్ కిచెన్ కొట్టేశాం. ఏసీ ఒక్కటే, మామయ్యగారి గదికి. రెండోది వచ్చే ఏడాది. చెక్క కిటికీలు ఉంచుతున్నాం. హుద్‌హుద్ తుపాను రోజున కూర్మన్నపాలెం ఫ్లాటులో అద్దాలు పగిలి గాజుపెంకుల మధ్య రాత్రంతా కూర్చున్నవాళ్ళం. ఈ ఇంటి చెక్క రెక్కలు అదే 2014 అక్టోబరు 12ను తట్టుకుని నిలబడ్డాయని పక్కింటావిడ చెప్పారు.

శ్రావణానికి అవ్వకపోతే ఆశ్వయుజంలో చేరదామని అత్తయ్యగారే అన్నారు. ఈశాన్యం బాత్రూమ్ పోతోందని ఆమె సంతోషంగా ఉన్నారు.

మాస్టారూ, రెండు సందేహాలు. మెట్లగది మీది సిమెంటు రేకులు రెండు పగిలాయి, తీసేసి శ్లాబు వేయించాలా? ఈ పనులకు జీవీఎంసీ (నగరపాలక సంస్థ) అనుమతి కావాలా?


సివిల్ మాస్టారు:

మెట్లగదికి శ్లాబు వద్దమ్మా, కింది గోడల మీద ఇంకో బరువు ఎందుకు? పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. రంపంతో కోయనివ్వకండి, సుత్తితో పగలగొట్టనివ్వకండి. ఆ పొడి ఊపిరితిత్తులకు చెడ్డది. నీళ్ళతో తడిపి, బోల్టులు విప్పి, రేకును రేకుగా దించమనండి, మనుషులకు మంచి మాస్కులు ఇవ్వండి. వాటి బదులు రంగు పూత ఉన్న ఇనుప రేకులు, దగ్గర దగ్గరగా బోల్టులు. విశాఖకు కోడ్ చెప్పే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. రేకు ఎగిరిపోయేది బోల్టు దగ్గరే, అక్కడ పొదుపు చేయకండి.

ప్లాస్టరింగు, గచ్చు, రంగులు, వైరింగు లాంటి మరమ్మతులకు ప్లాను అక్కర్లేదు. కొత్త గది బయటికి వేసినా, పైకి అంతస్తు లేపినా అనుమతి తప్పనిసరి. మీ బాత్రూమ్ ఉన్న ఇంటి లోపలే కాబట్టి ఇబ్బంది రాదు.

కాంట్రాక్టరుతో మొత్తానికి ఇంత అని మాట్లాడుకోకండి. శ్లాబు రిపేరుకు చెక్కాక కొలిచిన చదరపు అడుగుకు ఇంత, కొత్త ఊచకు కిలోకు ఇంత అని విడివిడిగా రాయించుకోండి. ఎంత చెక్కాలో చెక్కితే గానీ తెలియదు. ఊచలు శుభ్రం చేశాక, మోర్టారు వేయక ముందు మీ ఇంజనీరు వచ్చి చూడాలని కూడా రాయండి. డాబా పని అయ్యాక తూములు మూసి రెండంగుళాల నీళ్ళు కట్టి రెండు రోజులు ఉంచి, కింద తడి దిగలేదని చూడండి. శ్లాబు రిపేరు చేసిన మూలన మాత్రం ఆ మోర్టారు బాగా గట్టిపడ్డాకే నీళ్ళు నిలపండి. మొత్తం డబ్బులో పదో వంతు ఆఖరి వాయిదాగా జూన్ వానలు పడ్డాక ఇస్తామని ఇప్పుడే చెప్పండి. ఒప్పుకోని మనిషైతే ఇంకొకరిని చూసుకోవడానికి మీకు ఇంకా టైముంది.